సారె ఎక్కని పిడతలు

పెనుకొండ కుమ్మరివీధిలో ఆడది సారె ముట్టకూడదు. చెరువులో మన్ను తవ్వి మోయవచ్చు. రాళ్ళూ వేళ్ళూ ఏరవచ్చు. నీళ్ళు పోసి మోకాళ్ళు నొప్పిపుట్టేదాకా తొక్కవచ్చు. ఆరిన కుండలకు ఎర్ర జాజు పూయవచ్చు. కుండలు కాల్చే ఆములో పిడకలు పేర్చవచ్చు. కాలినవాటిని గంపకెత్తుకుని సోమందేపల్లి దాకా ఎండలో నడిచి అమ్ముకురావచ్చు. గిరగిర తిరిగే సారె మీద మాత్రం చెయ్యి పడకూడదు. పడితే ఆము పగులుతుందట. ఎప్పుడు పగిలింది, ఎవరి చెయ్యి పడి పగిలింది అంటే జవాబు చెప్పేవాళ్ళు ఆ వీధిలో ఒక్కరూ లేరు. అయినా మాట మాత్రం రాతిగోడలా నిలబడే ఉంది.

కుళ్ళాయమ్మ ఏడేళ్ళ వయసులో ముట్టింది. నాయన జయరాముడు మంచినీళ్ళకని లేచిన సందులో, ఇంకా తిరుగుతూ ఉన్న మన్నుముద్ద మీద అరచెయ్యి ఆనించింది. అంతే చేసింది. చల్లగా, మెత్తగా, బతికున్నదానిలా అది చేతికింద కదిలింది. ఆ కదలిక ఏమిటో తెలుసుకునేలోపే చెంప ఛెళ్ళుమంది. కొట్టింది పెదనాయన నారాయణప్ప. నాయనకు సొంత అన్న, వీధికి కులపెద్ద. సారెను పసుపునీళ్ళతో కడిగించాడు. కోడిని కోయించాడు. ఆ నెల ఆములో పగిలిన ప్రతి కుండకూ ఆ పిల్ల పేరే పెట్టాడు. ఆము పక్కన పెంకులు కుప్పపడితే, దారిన పోయేవాళ్ళు "అవన్నీ జయరాముని కూతురు పగలగొట్టినవే" అని నవ్వుకుంటూ పోయేవాళ్ళు.

తల్లి పురిట్లోనే పోయిన పిల్ల. మొదటే మెత్తన. ఆ తర్వాత నోరు తెరవడమే మానుకుంది. బడిలో ఐదో తరగతి దాకా చదివింది గాని, అయ్యవారు ప్రశ్న అడిగితే జవాబు పలక మీద రాసి చూపించేది, పలికేది కాదు. నోట్లో నాలుక లేని పిల్ల అని పేరుపడిపోయింది.

నాలుక లేకపోయినా చేతులున్నాయి కదా.

ఆ ఇంట్లో అవ్వ అంజనమ్మ ప్రతి ఏడూ పెరట్లో విత్తనాల పిడతలు చేసేది. దానికి సారె అక్కర్లేదు. ముద్దను అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో లోపలికి గుంత చేసి, తిప్పుతూ తిప్పుతూ అంచు లేపడమే. పచ్చి ఆరాక గచ్చకాయతో రుద్దితే అద్దంలా నిగనిగలాడేది. పెరటిగుంతలో పేర్చి, పిడకలతో ఒక మంట కాల్చి, ఆ మంట ఎర్రగా ఉండగానే శెనక్కాయ పొట్టూ పేడపొడీ గుమ్మరించి, పైన తడిమన్ను మెత్తి మూసేసేది. పొగకు బయటికి దారి ఉండదు. మన్నులోకే దూరుతుంది. పిడత నేరేడుపండులా నల్లబడి వస్తుంది. అందులో పోసిన విత్తనానికి పురుగు పట్టదు.

వీధిలో ప్రతి ఇంటి అటక మీదా అలాంటి నల్లపిడత ఒకటి ఉండేది. మగవాళ్ళు మాత్రం దాన్ని కుండల లెక్కలో వేసేవాళ్ళు కారు. అది ఆడవాళ్ళ చిల్లరపని. దానికి ఆములో చోటూ లేదు, ఆముకు ఉన్న ఆచారమూ లేదు.

కుళ్ళాయమ్మ ఆ పని అవ్వ దగ్గర నేర్చుకుంది. నేర్చుకుని, అవ్వ పోని దారిన పోయింది. కొండ ఎక్కితే సీతాఫలాల దగ్గర కూర్చునేది. ఒక్కొక్క కన్నూ పక్కకన్నును ఎట్లా ఒరుసుకుని ఉందో చూసేది. జిల్లేడుకాయ, ఉమ్మెత్తకాయ, ఎండిన తామరకాయ, ఈతచెట్టుకు వేలాడే గిజిగాడి గూడు, ఏది దొరికినా ఒడిలో వేసుకుని వచ్చేది. వాటిని ముందు పెట్టుకుని పిడతలు చేసేది.

"ఎందుకే పాపా దానికి అన్ని ముండ్లు?" అని అడిగింది అవ్వ ఒకసారి.

"ఉమ్మెత్తకాయకు ఉండాయి గదవ్వా."

"ఉమ్మెత్తకాయలో ఎవురన్నా విత్తనాలు దాచుకుంటారా?"

"ఉమ్మెత్తే దాచుకుంటాది."

అవ్వ "అదీ నిజమే" అని తమలపాకు నమిలింది.

రెండో ప్రపంచయుద్ధం మొదలైన మరుసటి ఏడు, సీతాఫలాల కాలంలో, జయరాముడు హిందూపురం సంతకు బండి కట్టాడు. సత్తు గిన్నెలు కరువై జనం మళ్ళీ మట్టికుండల వైపు చూస్తున్న రోజులు. బండి మీద ఎర్రకుండల మధ్య గడ్డిలో చుట్టి కుళ్ళాయమ్మ తన పిడతలు ఐదు పెట్టుకుంది. నాయన చూశాడు, చూడనట్టు ఊరుకున్నాడు. ఆయనకు కూతురి పనంటే లోలోపల ఇష్టం. ఎవరూ లేనప్పుడు ఒక్కొక్క పిడతనూ వేలి కణుపుతో తట్టి, ఆ మోగుడు విని తల ఊపేవాడు. ఎవరైనా ఉంటే మాత్రం తల కదిలేది కాదు.

సంతలో ఒక ఆమె ఆగింది. యాభై ఏళ్ళుంటాయి. నుదుట బొట్టు లేదు, నడకలో బెదురు లేదు. వచ్చిన మనిషి వంద ఎర్రకుండలను దాటి, చివర ఉన్న సీతాఫలం పిడతను చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో ఒక్కొక్క కన్నే తడిమింది. ముక్కు దగ్గర పెట్టుకుని పొగవాసన చూసింది.

"ఏమప్పా, ఇది చేసింది ఎవురు?"

జయరాముడు అటూ ఇటూ చూశాడు. పక్కనే తమ వీధి బండ్లు మూడు ఉన్నాయి. "మా ఇంట్లో చేసిందేమ్మా" అన్నాడు.

"ఇంట్లో చేసింది నాకూ కనిపిస్తాండాది. ఇల్లు చెయ్యదు గదప్పా. చేసిన చెయ్యి ఎవురిది అని."

ఆయన కుండలు సర్దడంలో పడ్డాడు. ఆమె కళ్ళు పిల్ల మీదికి తిరిగాయి. కుళ్ళాయమ్మ తల వంచుకుని గడ్డిపరకలు ఏరుకుంటూ ఉండిపోయింది. నేనే అన్న మాట గొంతు దాకా వచ్చింది. అక్కడే కూర్చుంది.

"సరే, వినండి. నా పేరు అనసూయమ్మ. ధర్మవరంలో నాలుగు మగ్గాలు ఆడిస్తాండా. మార్గశిర పంచమికి పట్టు అంగడి తెరుస్తాండా. గూళ్ళలో పెట్టేకి ఇట్లాటివి ఇరవై కావల్ల. ఇట్లాటివే, ఒకదాని మాదిరి ఇంకోటి ఉండకూడదు. ఇంకో మాట. మా ఇంటి ఆచారం ఒకటి ఉండాది. అంగడి తెరిచే దినం, తలుపు చేసిన వడ్లాయన కానీ, పట్టుకు రంగేసిన దస్తగిరి కానీ, చేసినోళ్ళకే మా మగ్గం బట్ట పెడతాము. చేసినోళ్ళే వచ్చి పదిమందిలో తీసుకోవల్ల. వేరేవాళ్ళ చేతికి ఇయ్యము. ఆ చేసిన చెయ్యిని పిల్చుకరా."

ఐదు పిడతలూ గడ్డితో సహా ఆమె వెంట పోయాయి. తిరుగు దారిలో నాయన ఎద్దులతో మాట్లాడాడు గాని కూతురితో మాట్లాడలేదు. కుళ్ళాయమ్మకు నాయన మీద కోపం రాలేదు. తన మీద వచ్చింది. అడిగినప్పుడు చెప్పలేకపోయింది. నారాయణప్ప కొట్టిన చెంప ఎనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ మండింది.

సంతలో మూడు బండ్లు ఉన్నాయి కదా, కబురు ఎద్దులకంటే ముందే ఇల్లు చేరింది. మరునాడు పొద్దున్నే నారాయణప్ప వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చేతిలో ఎప్పుడూ ఉండే వెదురుకర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"ఏమప్పా జయరామా, ధర్మవరం పట్టుచీరలాయమ్మ నీ బిడ్డ బొమ్మలకు మురిసిపోయిందంట?"

"బొమ్మలు కాదన్నా. పిడతలు."

"ఏదోకటి. మంచిదే. మన వీధికి పేరొస్తాది. అయితే రేపు పదిమందిలో ఆడబిడ్డ లేసి నేను చేసినా అంటే, కుమ్మరోళ్ళ ఇండ్లల్లో మగోళ్ళు ఏమైపోయిరి అంటారు. ఆలోచించినావా? పిల్లనే చెయ్యనీ, నేను అడ్డం రాను. ఆమె అడిగినప్పుడు పేరు మాత్రం నాది చెప్పు. బట్ట నేను తీసుకుంటా. తీసుకొని తెచ్చి ఈ పిల్లకే ఇస్తా. నేనేం కట్టుకుంటానా పట్టుచీర?"

తన మాటకు తనే నవ్వాడు. జయరాముడూ నవ్వబోయాడు. అన్న మాటలో అన్యాయం ఎక్కడుందో ఆయనకు కనపడలేదు, లేక కనపడినా పైకి తీయలేకపోయాడు. "సరే అన్నా" అనేందుకు నోరు తెరిచాడు.

"చెయ్యను."

ఎవరన్నారా అని ఇద్దరూ చూశారు. వాకిట్లో మన్ను తొక్కుతున్న కుళ్ళాయమ్మ కాళ్ళు ఆగిపోయి ఉన్నాయి.

"ఏమంటివే?"

"నీ పేరుతో అయితే నేను చెయ్యను, పెదనాయనా."

నారాయణప్ప ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"ఓహో. నాలుక మొలిచింది. సరే వినుకో. చెరువులో మన్నుగుంత సారె ఉండే మగోళ్ళది. నా మాట కాదన్నోళ్ళకు దాంట్లో గంప మన్ను లేదు. జయరామా, నీ కుండలకు తెచ్చుకో, అడ్డం లేదు. దాంట్లో పిడికెడు ఈ పిల్ల చేతికి పోయినట్ల తెలిసిందా, నీకూ లేదు. ఇరవై పిడతలు నేనే చేస్తా. ముప్పై ఏండ్లుగా సారె మీద కూర్చున్నోన్ని, ఒక సీతాఫలం చెయ్యలేనా?"

లోపలినుంచి అవ్వ గొంతు వచ్చింది. "ఒరే నారాయణా, నువ్వు చిన్నప్పుడు తిన్న జొన్నల విత్తనం యాడుండె అనుకుంటివి? నా నల్లపిడతలో ఉండె. అది చేసింది ఏ మగోడురా?"

"నువ్వు ఊరికే ఉండమ్మా," అని కులపెద్ద కర్ర ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

మన్ను లేకపోతే కుమ్మరి పిల్ల ఏం చేస్తుంది? ఆ రోజంతా కుళ్ళాయమ్మ అన్నం ముట్టలేదు. మరునాడు పొద్దున గంపా గడ్డపారా తీసుకుని వీధి దాటింది. అవ్వ వెనకాల కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

"యాడికే?"

"పుట్టకు కులపెద్ద లేడు గదవ్వా."

సోమందేపల్లి దారిలో ఫకీర్ సాబ్ శెనక్కాయ చేను ఉంది. చేను నడుమ నడుమెత్తు పుట్ట, చెదలు ఎప్పుడో వదిలేసి పోయినది. ఫకీర్ సాబ్ కుప్ప దగ్గర కాయలు కొట్టిస్తూ వీళ్ళను చూశాడు.

"ఏం అంజనక్కా, పుట్టకు పాలు పోసేకి గడ్డపార తెచ్చినావు?"

"పాలు పోసేది లేదు సాబూ. తవ్వుకోని పోతాము. నీకు అడ్డమా?"

"అడ్డమా? పదేండ్లుగా నా నాగలికి అదే అడ్డం. దాన్ని ముట్టద్దని మీవాళ్ళు చెప్పేది, తిరుక్కోని దున్నేది నేను. మీరే తవ్వుకుంటామంటే నేనెందుకు వద్దంటా? వేర్లతో సహా పెరుక్కోని పోండి."

అవ్వ పుట్టకు మొక్కి, "పాముంటే పక్కకు పో తల్లీ, మాకు మన్నే కావల్ల" అంది. పాము లేదు. లోపల మన్ను జల్లెడ పట్టిన పిండిలా ఉంది. పోతూ పోతూ ఫకీర్ సాబ్ రెండు గోనెల పొట్టు కూడా ఇచ్చాడు. "పొగపెట్టేకి పనికొస్తాదంట గదా. మా ఖాదర్‌బీ చెప్పింది. ఆమె అటక మీద కూడా మీ నల్లపిడతే ఉండాది."

పుట్టమన్ను మాట వినే మన్ను కాదు. మొదట చేసిన మూడు పిడతలూ నీడలోనే బీటలు వారాయి. అంత మెత్తని మన్నుకు ఒళ్ళు గట్టిపడాలంటే పెంకుపొడి కలపాలని అవ్వ చెప్పింది. పెంకులకు కొదవా? ఆము పక్కన కుప్ప ఉండనే ఉంది. ఎనిమిదేళ్ళుగా తన పేరు మోస్తున్న కుప్ప. కుళ్ళాయమ్మ గంపలు గంపలు తెచ్చుకుని రోట్లో వేసి దంచింది. రోకటిపోటు వీధి చివరి దాకా వినిపించింది. ఏ పెంకులు తన వల్ల పగిలాయన్నారో, ఆ పెంకుల పొడితోనే ఆమె మన్ను నిలబడింది.

నెల రోజుల్లో ఇరవై అయ్యాయి. ఒంటికాయ సీతాఫలం, జంటకాయ సీతాఫలం, ఒక పక్కకు ఒరిగిన సొరకాయ, రెండు డొప్పలూ విచ్చీ విచ్చని జిల్లేడుకాయ, మూతి కిందికి ఉన్న గిజిగాడి గూడు, చెరువు ఒడ్డు నత్తగుల్ల. ఏదీ పూర్తి గుండ్రం కాదు. కొండమీద కాసేది ఏది పూర్తి గుండ్రం గనక?

నారాయణప్పా ఊరుకోలేదు. పనివాడు కాదనడానికి వీల్లేదు. ఆయన సొరకాయలు చక్కగానే వచ్చాయి. సీతాఫలాలే రాలేదు. సారె మీద నున్నటి గుండు తీసి, దాని చుట్టూ మన్నుబొట్లు అంటించాడు. వీధిలో యల్లక్క అనే ముసలామె వాటిని చూసి, "ఏమప్పా పెద్దా, పాపం దీనికి అమ్మవారు పోసిందా?" అని అడిగింది. దాంతో ఆయన దొడ్డి తడిక మూసుకుని పనిచేశాడు.

పంచమికి ఎనిమిది రోజులున్నాయనగా ఆయన పిడతలు ఆములోకి ఎక్కాయి. అవ్వ చేసినట్టే పొట్టు వేశాడు, పేడపొడి వేశాడు, తడిమన్నుతో గాలి పోయే కళ్ళన్నీ మూశాడు. రెండోనాడు పెరటిగుంతలో కుళ్ళాయమ్మ తన ఇరవై కాల్చి మూత మెత్తింది.

మూడోనాడు పొద్దు పొడవకముందే వీధి అంతా ఆము దగ్గర చేరింది. అది ఆచారం. మూడో పొద్దుకు కులపెద్ద తన చేత్తో ఆముకు మొదటి కన్ను తెరవాలి. ఎర్రకుండకు అది సరైన లెక్కే. లోపల ఎంత గాలి ఆడితే ఎర్రకుండ అంత ఎరుపు తేలుతుంది. ఆయన తాత అలాగే తెరిచాడు, తండ్రి అలాగే తెరిచాడు.

కుళ్ళాయమ్మ జనం వెనక నిలబడి ఉంది. జనం సందులోంచి చెయ్యి చాచి ఆము గోడ మీద అరచెయ్యి ఆనించింది. మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నూరు దాకా చెయ్యి ఉంచగలిగితేనే పొగపిడత తీయాలని అవ్వ మాట. తొమ్మిదికే చెయ్యి కాలింది.

చూస్తూ ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోమనే ఆమె లోపలి ఏడేళ్ళ పిల్ల చెప్పింది కూడా. కానీ ఆ మూసిన గోడ వెనక ఇరవై పిడతలున్నాయి. ఎవరివైనా పిడతలే.

"పెదనాయనా, తెరవద్దు."

జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు.

"ఇంకా నిప్పు బతికుండాది. గాలి తగిలితే నలుపు పోతాది. ఇంకో మూడు దినాలు ఉండనీ."

నారాయణప్ప గడ్డపార ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆపాడు. ఒక్క క్షణం ఆయన కళ్ళలో అనుమానం మెదిలింది. అది కుళ్ళాయమ్మ చూసింది. కానీ చుట్టూ పదిమంది ఉన్నారు.

"ఆము ఎప్పుడు తెరవల్లనో నాకు నువ్వు చెప్పేదా? మూడో పొద్దు అంటే మూడో పొద్దే."

గడ్డపార దిగింది. మొదటి కన్ను తెరుచుకుంది. లోపల పిడతలు కాటుకలా నల్లగా, నిగనిగలాడుతూ కనిపించాయి. "ఓ" అన్నారు జనం. నారాయణప్ప ఛాతీ పొంగింది. రెండో కన్నూ తెరిచాడు, మూడోదీ తెరిచాడు.

అప్పుడే కొండ మీదినుంచి పొద్దుటిగాలి దిగింది. బూడిద కింద నిప్పు కళ్ళు విప్పింది. చూస్తుండగానే, బెల్లం మీద చీమలు చెదిరినట్టు, పిడతల మీద నలుపు చెదిరిపోవడం మొదలైంది. ఒకచోట గోధుమరంగు, ఒకచోట ఎరుపు, ఒకచోట మురికి బూడిద. ముయ్యండి ముయ్యండి అని ఎవరో అరిచారు. తడిమన్ను తెచ్చేలోపు అంతా అయిపోయింది. ఆములో ఉన్నవి ఇప్పుడు ఎర్రకుండలూ కావు, నల్లపిడతలూ కావు.

నారాయణప్ప మెడ తిప్పి, వీధి ఆ చివరన తమ్ముడి పెరడు వైపు చూశాడు.

"దాని గుంత తవ్వండి," అన్నాడు. "ధర్మవరానికి ఇరవై పోవల్ల. మన వీధి మాట పోకూడదు."

కుళ్ళాయమ్మ పరిగెత్తింది. జనం చేరేసరికి గుంత మూత మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. లోపలి వేడి పావడలోంచి తగులుతోంది.

"లెయ్."

"లెయ్యను. మూడు దినాలు కావల్ల."

"చీరా పేరూ నీకే ఇస్తానంటే లేస్తావా?"

"ఇప్పుడు తెరిస్తే ఇచ్చేకి ఏమీ ఉండదు. తెరవను."

వెదురుకర్ర పైకి లేచింది. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని ఊరికే అనలేదు. ఒక్క పోటు పడితే మూత బద్దలవుతుంది, లోపలివి బద్దలవుతాయి. కుళ్ళాయమ్మ తల ఎత్తింది. జీవితంలో మొదటిసారి పెదనాయన కళ్ళలోకి చూసింది.

"కొట్టు పెదనాయనా. ఏడేండ్లప్పుడు సారె ముట్టినానని కొడితివి. ఇప్పుడు సారె ముట్టకుండా చేసినానని కొట్టు."

వెనకనుంచి ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. కర్ర గాలిలోనే ఉంది. అవ్వ మడిచిన గోనెసంచి పట్టుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"కూర్చుంటే కూర్చో గానీ, ఇది ఏసుకోవే, కాలి బొబ్బలెక్కుతాది," అని మనవరాలి కింద సంచి దూర్చి, పెద్దకొడుకు వైపు తిరిగింది. "ఏం నారాయణా, నీ ఆము నువ్వు తెరిస్తివి గదా? తెరిచిన సంబరం చాలలేదా?"

జయరాముడు లోపలికి పోయాడు. పిరికివాడు మళ్ళీ దాక్కున్నాడని అందరూ అనుకున్నారు. కుళ్ళాయమ్మా అనుకుంది. ఆయన కంచంలో రాగిసంగటి ముద్దా, ఊరిమిండి పచ్చడీ పెట్టుకుని బయటికి వచ్చాడు. కూతురి ముందు కంచం పెట్టాడు. పెట్టి, లేవలేదు. గుంత అంచున ఆమె పక్కనే చతికిలబడ్డాడు.

"అన్నా, ఇది నా పెరడు," అన్నాడు. ఇంకేమీ అనలేదు. ఆయన మట్టుకు అదే పెద్ద ఉపన్యాసం.

నారాయణప్ప కర్ర దించాడు. "ధర్మవరంలో చూస్తా," అని వెళ్ళిపోయాడు.

మూడు రోజులు ముగ్గురూ వంతులవారీగా ఆ మూత మీద కూర్చున్నారు. నాలుగోనాడు కుళ్ళాయమ్మ అరచెయ్యి ఆనించి నూరు దాకా లెక్కపెట్టింది. మళ్ళీ ఇంకో నూరు లెక్కపెట్టింది. అప్పుడు తీసింది. మూడు పగిలాయి. ఉమ్మెత్తకాయకు సగం ముళ్ళు విరిగాయి. మిగిలినవి నల్లగా, అక్కడక్కడ వెండిపూత పూసినట్టు మెరుస్తూ, బూడిదలోంచి ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. జయరాముడు అందరూ చూస్తుండగా వేలి కణుపుతో తట్టాడు, తల ఊపాడు.

రైల్లో వాటిని ఒళ్ళో పెట్టుకుని తండ్రీకూతుళ్ళు ధర్మవరం పోయారు. అంగడి ముందు పందిరి, పందిరి నిండా జనం. నారాయణప్ప వేరే పెట్టెలో వచ్చి, కొత్త తలపాగాతో ముందువరసలో కూర్చుని ఉన్నాడు. అనసూయమ్మ వడ్లాయనకు పంచె ఇచ్చింది, దస్తగిరికి తువ్వాలు కప్పింది. తర్వాత గూళ్ళలోని నల్లపిడతలను చూపించింది.

"ఇవి చేసినోళ్ళు రాండి."

ముందువరసలో తలపాగా కదిలింది. నారాయణప్ప లేచాడు. ఒక అడుగు కూడా వేశాడు.

కుళ్ళాయమ్మ లేచి నిలబడింది. హిందూపురం సంతలో గొంతులో కూర్చున్న మాట ఇంకా అక్కడే ఉంది. దాన్ని లేపాలి, అంతే.

"నేను."

"గట్టిగా చెప్పు పాపా. ఈ పక్కోళ్ళకు వినపడలే."

"నేను చేసినా. పెనుకొండ జయరాముని కూతురు కుళ్ళాయమ్మను. ఇరవై చేసినా, మూడు పగిలినాయి. పదిహేడు తెచ్చినా. అన్నీ చేత్తోనే. సారె ముట్టలేదు."

ముందువరసలో నిలబడి ఉన్న తలపాగాను అనసూయమ్మ చూసింది. "మీరెవురప్పా?"

నారాయణప్ప నోరు తెరిచాడు. పదిహేడు నల్లపిడతలు గూళ్ళలోంచి చూస్తున్నాయి. "ఆ పిల్ల పెదనాయనను," అని కూర్చున్నాడు.

చీర నెమలికంఠం రంగు. అనసూయమ్మ దాన్ని కుళ్ళాయమ్మ రెండు చేతుల్లో పెట్టింది. గోళ్ళలో పుట్టమన్ను ఇంకా పోలేదు. పట్టుకు అంటుకుంటుందేమో అని చేతులు వెనక్కు తీసుకోబోతే, "అంటనీలే" అంది.

ఇంటికొచ్చిన మరునాడు నారాయణప్ప వీధిలో ఎదురై ముఖం తిప్పుకున్నాడు. మన్నుగుంత మాట ఆయన ఎత్తలేదు, వీళ్ళూ ఎత్తలేదు. జయరాముడు మాత్రం రెండు రోజులు మనసులోనే ఏదో నమిలి, మూడోనాడు పొద్దున సారె ముందు మన్నుముద్ద పెట్టి కూతురిని పిలిచాడు. వీధి తలుపు బార్లా తెరిచే ఉంది.

"రా పాపా. కూర్చో. ఎవురేమంటారో నేను చూసుకుంటా."

కుళ్ళాయమ్మ గడప మీద నిలబడి సారెను చూసింది. ఏడేళ్ళప్పుడు చేతికింద కదిలిన చల్లదనం గుర్తుకొచ్చింది. నాయన ముఖం కూడా చూసింది. ఆ ముఖం ఇంత ధైర్యంగా ఎప్పుడూ లేదు. ఆమె దగ్గరికి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"నాకెందుకు నాయనా? అది ఎంత తిరిగినా గుండ్రంగానే తిరుగుతాది."

మూలనున్న గంపా గడ్డపారా తీసుకుంది. ఫకీర్ సాబ్ చేలో పుట్ట ఇంకా సగం ఉంది.